శాలువా ఉంచుదాం

“ఎడిటింగంటే సినిమాలకి కదమ్మాయ్ చేసేది? పుస్తకానికెందుకు?” అన్నారు సూర్యప్రకాశరావుగారు, గణపవరంలో తమ ఇంటి వరండాలో పడక్కుర్చీలో వాలి.

ఈ ప్రశ్నకి సిద్ధపడే మెహజబీన్ తాడేపల్లిగూడెంలో గణపవరం బస్సెక్కింది. ఎమ్మే అయిన దగ్గర్నుంచీ ఏలూరులో ఆనంద్ పాల్ గారి ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతోంది. అచ్చయిన ప్రతి పుస్తకం మొదట్లో ముఖచిత్రం వేసినవాళ్ళ పేరుంటుంది, డీటీపీ చేసినవాళ్ళ పేరుంటుంది, ఆఖరికి ప్రెస్సు ఫోన్ నంబరూ ఉంటుంది. రాసినదాన్ని పుస్తకంగా నిలబెట్టే మనిషికి మాత్రం చోటు లేదు. అలాంటి మనిషి ఒకరుండాలని ఈ చుట్టుపక్కల ఎవరికీ తోచలేదు మరి. రాసినాయనే ఖర్చు పెట్టుకుంటాడు, రాసిందల్లా అచ్చేయమంటాడు, బంధువులకి పంచుతాడు. వాళ్ళు అటకెక్కిస్తారు.

“ఈ ఒక్క పుస్తకం ఎడిటర్‌గా నాకివ్వండి సార్. పేరు కూడా వేయండి,” అని సూర్యప్రకాశరావుగారి ఫైలు ప్రెస్సుకి రాగానే ఆనంద్ పాల్ గారి దగ్గర పట్టుబట్టింది.

ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, “రాసినాయన ఒప్పుకుంటే వేస్తానమ్మా. ఫైలు పట్టుకుని ఇంకో ప్రెస్సుకి పోయాడనుకో, మళ్ళీ ఎడిటింగ్ మాట నా దగ్గర ఎత్తకూడదు. శుభలేఖలు దిద్దుకుంటూ కూర్చోవాలి,” అన్నారు.

సరేనంది.

ఇప్పుడా ఫైలు సూర్యప్రకాశరావుగారి ఒళ్ళో ఉంది. వరి చేలు తవ్వించి చేపల చెరువులు చేసిన మొదటి తరం రైతు ఆయన. జీవితకథ రాసుకున్నారు. పేజీలు తిప్పేకొద్దీ మొహం ఎర్రబడుతోంది. వంశవృక్షం మీద పెన్సిల్ గీత. సన్మానాల అధ్యాయం మీద గీత. ముందుమాటలన్నిటి మీదా వరసాగ్గా గీతలు.

“మా వియ్యంకుడుగారి ముందుమాట కూడా కొట్టేశావేంటి? రేపు ఆయన మొహం ఎలా చూడమంటావు?”

“ఆయన పుస్తకం చదివే రాశారాండీ?”

“చదవకుండానే ఎంత బాగా రాశాడో చూడు మరి!”

గుమ్మంలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న సుందరమ్మగారు కిసుక్కున నవ్వారు. భర్త అటు చూసేసరికి కాయల్లోకి తలొంచుకున్నారు.

“అందుకేనండీ తీసేసింది,” అంది మెహజబీన్. “ప్రూఫులు దిద్దితే తప్పులు పోతాయి. ఎవరూ చదవని పుస్తకంలో తప్పులుంటే ఎంత, లేకపోతే ఎంతండీ?” ఫైలు తీసుకుని ఒకచోట వేలు పెట్టింది. “ఇదిగోండి. ‘ఆ ఏడాది ముసురుకి చెరువులో చేప చనిపోయి నష్టం వచ్చింది.’ ఒక్క వాక్యం. ఏలూరు సన్మానానికి మాత్రం, దండ వేసినవాళ్ళ పేర్లతో సహా రాశారు.”

“నష్టపోయిన సంగతి సొంత ఖర్చుతో అచ్చేయించుకుంటారా ఎవరైనా?”

“మూడ్రోజులు మబ్బు,” అన్నారు సుందరమ్మగారు తలెత్తకుండానే. “ఎండ మొహం లేదు. నీళ్ళలో గాలి తగ్గిపోయి, తెల్లారేసరికి చేపంతా పైకొచ్చి నోళ్ళు తెరుచుకునుంది. అప్పుడు గాలి కొట్టే మిషన్లు ఎక్కడివీ? ఈయన చెరువులోకి దిగి బకెట్టుతో నీళ్ళు ఎగరగొడుతూనే ఉన్నారు. చూస్తుండగానే ఒక్కోటీ తిరగబడిపోయింది.”

“సుందరం, ఊరుకో.”

“వాసన ఊరు మీదికి రాకముందే గట్టున పూడ్చాలి కదమ్మా. బుట్టలు చాల్లేదు. బీరువాలో శాలువాలు తెచ్చా, సన్మానాల్లో కప్పినవే. వాటిల్లో మూటగట్టి మోశాం. జరీ రాసుకుని నా భుజం గీరుకుపోయింది కూడానూ.”

మెహజబీన్ పెన్సిల్ కింద పెట్టింది. “సన్మానాలు తీసేద్దామండీ. శాలువా ఉంచుదాం.”

సూర్యప్రకాశరావుగారు దిగ్గున లేచారు. “నా పుస్తకంలో నేనే చచ్చిన చేపలు మోసుకోవాలా? ఆ ఫైలు ఇక్కడ పెట్టి వెళ్ళమ్మాయ్. ఆకివీడులో ప్రెస్సులు లేవా?”

గీతలు చెరిపేస్తానండీ అని ఒక్క మాటంటే చాలు, ఫైలు దక్కుతుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అలా దక్కించుకుని పేరు వేయించుకుంటే, అది మళ్ళీ ప్రూఫులు దిద్దినదాని పేరే.

ఫైలు కుర్చీలో పెట్టింది. “మీ ఇష్టమండీ. ఎక్కడ వేయించుకున్నా ఆ పొద్దు మాత్రం రాయండి. ముందుమాటలు ఎవరైనా రాస్తారు. అది మీరే రాయాలి.”

ఖాళీ చేతులతో ప్రెస్సుకి తిరిగొచ్చింది. ఆనంద్ పాల్ గారు శుభలేఖల కట్ట తెచ్చి ఆమె బల్ల మీద పెట్టారు. రెండ్రోజులు పోయాక మాత్రం ఆగలేక, “గీతలు కాస్త తక్కువ పెట్టుంటే పోయేది కదమ్మా,” అన్నారు.

“తక్కువే పెట్టానండీ.”

ఆ వారం, ఆ పై వారం ముహూర్తాలూ పెళ్ళికొడుకుల డిగ్రీలూ దిద్దింది. కోతలు మొదలైన రోజుల్లో సూర్యప్రకాశరావుగారు ప్రెస్సు మెట్లెక్కి వచ్చారు. వెనకాలే సుందరమ్మగారు. ఫైలూ, చేత్తో రాసిన కాగితాలూ బల్ల మీద పడేశారు.

“ఆ పొద్దు సంగతి రాసి మా వియ్యంకుడికి చూపించా. బస్సులో చదువుతూ దిగాల్సిన చోట దిగలేదంట. ‘తర్వాతేమైంది బావగారూ’ అని ఫోన్ చేశాడు. ఇన్నేళ్ళలో ఆయన నన్నొక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు.” గొంతు సవరించుకున్నారు. “ఆయన ముందుమాట మాత్రం ఉండాలి.”

“ఇప్పుడు చదివారుగా. మళ్ళీ రాస్తే ఉంచుదామండీ.”

ఆనంద్ పాల్ గారు మధ్యలోకి వచ్చారు. “అమ్మాయి పేరు వేయమంటారాండీ?”

“వెయ్యండి. ఎడిటరనే వెయ్యండి,” అని, ఆగి, “నా పేరు కంటే చిన్నక్షరాల్లో,” అన్నారు పెద్దాయన.

అప్పటికే మెహజబీన్ పెన్సిల్ ఆ చేతిరాత కాగితాల మొదటి పేరా మీద నడుస్తోంది.

“అదేంటి, ఇదీ కొడుతున్నావా! ఆ సూర్యోదయం ఎంత కష్టపడి వర్ణించానో!”

“మూడ్రోజులు మబ్బన్నారు కదండీ అమ్మగారు. సూర్యుడెక్కణ్ణుంచి వచ్చాడు?”

ఈసారి సుందరమ్మగారు పైకే నవ్వారు. మెహజబీన్ పేజీ తిప్పింది. రెండో పేజీ వచ్చినా చేప ఇంకా నీళ్ళ మీదికి రాలేదు. పెన్సిల్ చెక్కుకుంది.