ట్రంకు పెట్టె వెనుక గొంగడి

నేను ఒక నల్ల గొంగడిని. రంగు వేసిన నలుపు కాదు, పుట్టుకతో వచ్చిన నలుపు. జనగామ దగ్గరి ఒక ఊళ్ళో పదిహేను గొర్రెల ఒంటి మీది ఉన్ని కత్తిరించి, దూదిలా ఏకి, ఎల్లవ్వ అనే ముసలమ్మ నన్ను దారంగా వడికింది. ఆమె పెనిమిటి కొమురయ్య గుంటమగ్గంలో కాళ్ళు జార్చి కూర్చుని నేశాడు. చివర్లో చింతగింజల గంజి పట్టించి ఎండలో పరిచారు. ఆ గంజి పుణ్యమా అని వాన చినుకు నా మీద పడితే లోపలికి దిగకుండా ముత్యంలా నిలబడేది. అదే గంజి మూలాన నేను కొంచెం గరుకు, కొంచెం వాసన కూడా. ఆ మాట దాచుకోవడం దేనికి?

నన్ను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చినవాడు ఐలయ్య. రైల్వేలో గ్యాంగ్‌మన్. ముప్పై ఏళ్ళ పాటు కాజీపేట దగ్గరి పట్టాల వెంట వానలో, చలిలో సుత్తె పట్టుకుని నడిచాడు. చెవి పట్టా మీద ఆనించి, ఎంత దూరంలో బండి వస్తున్నదో చెప్పగలిగేవాడు. ఆ ముప్పై ఏళ్ళలో చివరి పన్నెండూ నేను అతని నెత్తి మీద వాన తగలకుండా ముడిచిన కొప్పెరగా, భుజాల మీద కప్పుగా ఉన్నాను. ఉద్యోగం దిగిపోయాక కొడుకు బిక్షపతి దగ్గరే రైల్వే క్వార్టర్లో ఉన్నాడు. బిక్షపతి లోకో షెడ్డులో ఫిట్టర్. కోడలు సుగుణ. మనవరాలు గిరిజ, ఎనిమిదో తరగతి.

ఐలయ్యకు రోజంతటిలో ఇష్టమైన గడియ ఒకటుండేది. పొద్దున చాయ తాను స్వయంగా కాచుకుని తాగి, నన్ను భుజాన వేసుకుని, పట్టాల పక్కన అరమైలు నడిచి లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గరికి పోవడం. గేటుమన్ ఓదేలు పాత దోస్తు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. బండి వచ్చేది, పోయేది. "మూడో బోగీకి చక్రం సప్పుడు తేడా ఉన్నది" అనేవాడు ఐలయ్య. "ఉన్నది" అనేవాడు ఓదేలు. మనుషులు దీన్నే స్నేహం అంటారని నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

ఎనభై మూడో సంవత్సరం డిసెంబరులో, గిరిజ కాన్వెంటు బడికి క్రిస్మస్ సెలవులు ఇచ్చినప్పుడు, బిక్షపతి రైల్వే పాసు తీసుకుని అరకు పోదామన్నాడు. ఇంట్లో పండగే. సుగుణ సకినాలు చేసి డబ్బాకెత్తింది. గిరిజ ఎర్ర స్వెట్టరు వేసుకుని అద్దం ముందు నుంచి కదల్లేదు. ఐలయ్య మాత్రం నన్ను మడిచి చంకన పెట్టుకున్నాడు.

"మామా, కొత్త రగ్గులు పెట్టిన గదా. గిదెందుకు?" అంది సుగుణ.

"రగ్గు రగ్గే, గొంగడి గొంగడే" అన్నాడు ఐలయ్య.

విశాఖపట్నం దాకా బాగానే సాగింది. మర్నాడు పొద్దున కొండల మీదికి పోయే ప్యాసింజరు ఎక్కాక, ఎదురు సీట్లో గిరిజ క్లాసు పిల్ల నళిని, వాళ్ళ అమ్మా నాన్నా కనిపించారు. నళిని నాన్న రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు, మెడలో కెమెరా. వాళ్ళ దగ్గర నెమలికంఠం రంగు కాశ్మీరు శాలువాలున్నాయి. నళిని ముక్కు ఎగబీల్చి, "ఏం వాసనే ఇది? మేకను గిట్ల తెచ్చిన్రా?" అని గిరిజ చెవిలో అడిగింది.

మేక కాదమ్మా, గొర్రె అని చెప్పాలనిపించింది. గిరిజ ముఖం మాత్రం స్వెట్టరు కన్నా ఎర్రబడింది.

ఐలయ్యకు ఇవేవీ పట్టలేదు. నన్ను సీటు మీద వదిలేసి తలుపు దగ్గర నిలబడ్డాడు. తాను జీవితమంతా చదును నేల మీది పట్టాలకే సుత్తె కొట్టినవాడు. కొండను తొలిచి వేసిన దారి చూడడం అదే మొదలు. "బిక్షపతీ, ఈ వంపు సూడు! ఎట్ల మలిపిన్రురా!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. ఒక్కో సొరంగం దాటినప్పుడల్లా వేలు మడిచి లెక్కపెట్టుకున్నాడు. వాటిని తవ్వినవాళ్ళ పేర్లు ఎక్కడైనా రాసి ఉన్నాయేమోనని గోడలు చూశాడు.

ఒక పొడుగాటి సొరంగంలో బండి దూరి డబ్బా అంతా చీకటైంది. ఆ చీకట్లో రెండు చిన్న చేతులు నన్ను పట్టుకున్నాయి. కిందికి లాగి, సీటు కింద ట్రంకు పెట్టె వెనక్కి, గోడకు ఆనేటట్టు గట్టిగా కుక్కాయి. వెలుతురు వచ్చేసరికి గిరిజ కిటికీలోంచి లోయ చూస్తున్నది. అంత శ్రద్ధగా లోయను చూసినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

అరకులో అందరూ దిగారు. పెట్టె దించారు, సకినాల డబ్బా దించారు. నేను ఉండిపోయాను. నా జీవితం ఏ ముక్కూమొహం తెలియని స్టేషనులోనో తెల్లారిపోతుందనుకున్నాను. అంతలో వంగలేక వంగుతూ, మూలుగుతూ, ఐలయ్య చేయి చీకట్లో తడుముతూ వచ్చి నన్ను అందుకుంది. అప్పటికే ఈల వేశారు. బండి కదిలింది. నన్ను గుండెకు అదుముకుని ముసలాయన కదిలే బండి నుంచి దిగాడు, నాలుగడుగులు తూలి, ఆగాడు.

బిక్షపతి పరుగెత్తుకొచ్చాడు. "నాయినా! పాణం మీద తీపి లేదా నీకు? యాడ పెట్టినవ్ దాన్ని?"

ఐలయ్య ఒక్క క్షణం మనవరాలి వైపు చూశాడు. "సీటు కింద పెట్టి మరిసిన బిడ్డా" అన్నాడు.

గిరిజ పాదాల వైపు చూసుకుంది.

ఆ మూడు రోజులు అరకు ఎంత బాగుందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. పొద్దున పొగమంచులో ఎదుటి మనిషి కనిపించేవాడు కాదు, దగ్గు వినిపిస్తే పోల్చుకోవాలి. సాయంత్రం సూర్యుడు కొండ వెనక్కి జారగానే చలి కరిచేది. నళిని వాళ్ళూ మేము దిగిన రెస్ట్ హౌసులోనే దిగారు; వరండాలో కట్టెలు రాజేస్తే అందరూ చుట్టూ చేరారు. గిరిజ పళ్ళు టకటక కొట్టుకుంటుంటే ఐలయ్య ఏమీ అనకుండా నన్ను తీసి ఆమెకు కప్పాడు. కాసేపటికి నళిని తన నెమలికంఠం శాలువాతో సహా దగ్గరికి జరిగి, "జర నాక్కూడా ఇయ్యవే" అంది. ఆ ఇద్దరు పిల్లలూ నా కింద ముడుచుకుని సకినాలు నమిలారు. నా వాసన సంగతి ఎవరూ ఎత్తలేదు. గిరిజ మాత్రం తాత వైపు చూడలేకపోయింది. ఆమె గుండె దడదడ నాకు తెలుస్తూనే ఉన్నది.

ఇంటికి తిరిగొచ్చిన నాలుగో రోజు ఆ ఉపద్రవం జరిగింది. బిక్షపతి షెడ్డుకు పోయాడు. సుగుణ కూరగాయలకు పోయింది. ఐలయ్య ముందు అరుగు మీద నన్ను కప్పుకుని ఎండకు కూర్చున్నాడు. గిరిజ తలస్నానానికి నీళ్ళు కాచుకుందామని కిరసనాయిలు స్టవ్వు ముట్టించింది. అంతకుముందు నూనె పోస్తున్నప్పుడు చుట్టూ ఒలికింది, తుడవలేదు. అంతలో పెరటి దారిలోంచి "గిరిజా, ఫోటోలొచ్చినయ్!" అని నళిని పిలిచింది. అరకు ఫోటోలు! గిరిజ స్టవ్వును అట్లాగే వదిలేసి పరుగెత్తింది.

మంట ఒలికిన నూనెను అందుకుంది, పైన తాడు మీద ఆరేసిన తువ్వాలను అందుకుంది. ఐలయ్య వాసన పసిగట్టి లోపలికి వచ్చేసరికి మంటలు కిరసనాయిలు డబ్బా వైపు పాకుతున్నాయి. ఆయన ఆలోచించలేదు. మండే తువ్వాలను కిందికి గుంజి, భుజాల మీది నుంచి నన్ను లాగి స్టవ్వుతో సహా కప్పి పరిచేశాడు. రెండు అరచేతులతో నన్ను నేలకు అదిమి పట్టాడు. గొర్రె ఉన్ని అంత సులువుగా అంటుకోదు. కాలుతుంది, కమురుతుంది, కానీ మంటకు ఊపిరాడనివ్వదు. నా నడుమ జానెడు మేర బొగ్గయింది. ఆయన అరచేతులు బొబ్బలెక్కాయి. మంట ఆరింది.

అందరూ చేరారు. సుగుణ సంచీ జారవిడిచి పరుగున వచ్చింది. "ఎవలు ముట్టిచ్చిన్రు స్టవ్వు? మామా, చాయకు పెట్టి మరిసినవా?"

గిరిజ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఫోటో. దాన్ని వెనక్కి దాచుకుంది. ఐలయ్య ఆమెను చూశాడు, కోడలిని చూశాడు, అవునన్నట్టు మెల్లగా తల ఊపాడు.

సాయంత్రం బిక్షపతి వచ్చి తండ్రి చేతులకు కట్టిన కట్లు చూసి అన్నాడు: "రైల్ల గొంగడి మరిసినవ్. ఇంట్ల పొయ్యి మరిసినవ్. రేపు పట్టాల మీద బండొస్తున్నదన్నది మరుస్తవ్. నాయినా, ఇగ స్టవ్వు ముట్టద్దు. గేటు దిక్కు అసలే పోవద్దు."

అందులో కోపం లేదు, భయమే ఉంది. మనుషులు భయపడ్డప్పుడు వాళ్ళ మాట కోపం లాగే వినిపిస్తుంది. ఐలయ్య "సరే బిడ్డా" అన్నాడు.

మూడు రోజులు ఆయన ఇంట్లోనే కూర్చున్నాడు. బండి పోయినప్పుడల్లా తల ఎత్తేవాడు, మళ్ళీ దించేవాడు. సుగుణ ఆయనకు చాయ తెచ్చి, చిన్నపిల్లలకు చెప్పినట్టు గట్టిగా, ముక్కలు ముక్కలుగా మాట్లాడటం మొదలుపెట్టింది. "మామా. చాయ. వేడి ఉన్నది." నాలుగో రోజు ఓదేలు డ్యూటీ దిగి చూసిపోదామని వచ్చాడు. సుగుణ గుమ్మంలోనే గొంతు తగ్గించి, "మామకు మతి ఉంటలేదన్నా" అంది. ఓదేలు టోపీ తీసి చేతిలో నలుపుకుంటూ, "గట్లనా" అన్నాడు. లోపలి గదిలో లెక్కలు చేసుకుంటున్న గిరిజ పెన్సిలు ఆగిపోయింది.

ఆ రాత్రి అందరూ అన్నానికి కూర్చున్నారు. ఐలయ్య చేతులకు కట్లుండటంతో సుగుణ ఆయనకు కలిపి పెడుతున్నది. గిరిజ తన కంచం ముట్టలేదు. ఉన్నట్టుండి, "స్టవ్వు నేనే ముట్టిచ్చిన" అంది.

"నూనె కూడా నేనే ఒలకబోసిన. ఫోటోలు సూడబోయి మరిసిన. తాత కాదు." ఊపిరి తీసుకుంది. "రైల్ల గొంగడి గూడ తాత మరువలే. నేనే పెట్టె ఎనుక దాసిన. నళిని నవ్విందని."

బిక్షపతి చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. కూతురి మీద చెయ్యెత్తుతాడేమోనని సుగుణ సగం లేచింది. ఆయన కూతురి వైపు చూడలేదు. తండ్రి వైపు తిరిగాడు.

"నాయినా, నీకెరికేనా?"

"రైల్లనే ఎరికైంది" అన్నాడు ఐలయ్య. "పెట్టె ఎనుకకు కుక్కెటందుకు నా మోకాళ్ళు వంగుతయారా?"

"మరి చెప్పవేంది! నాలుగు రోజులాయె, నేను నిన్ను... నోటికొచ్చినట్టు..."

"అది చెప్తదని సూసిన బిడ్డా." ముసలాయన మనవరాలి వైపు చూసి నవ్వాడు. "జర ఆలిశమైంది, గంతే."

గిరిజ అప్పుడు ఏడ్చింది. కంచం పక్కకు తోసి, పోయి తాత ఒడిలో తల పెట్టింది. కట్టు కట్టిన చెయ్యి ఆమె జుట్టు నిమరలేక, మోచేతితో అదిమింది. సుగుణ కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఖాళీ గిన్నె పట్టుకుని వంటింట్లోకి పోయింది, ఖాళీ గిన్నెతోనే తిరిగొచ్చింది.

బిక్షపతి క్షమాపణ చెప్పుకునే మనిషి కాదు. మర్నాడు పొద్దున షెడ్డుకు బయల్దేరుతూ ఆగాడు. "నాయినా, నీ చేతి చాయ తాగి పోత" అన్నాడు.

"చేతులు కాలినయ్ గదరా."

"గిరిజ ముట్టిస్తది. నువ్వు పక్కన నిలబడి చెప్పు."

ఐలయ్య చెప్పాడు. ఎంత నూనె పొయ్యాలో, వత్తి ఎంత పెంచాలో, పొంగు ఎన్నిసార్లు రావాలో. బిక్షపతి నిలబడే తాగాడు, గ్లాసు కడిగి బోర్లించాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర చెప్పులు వెతికి తండ్రి కాళ్ళ ముందు పెట్టాడు. ఏడు గంటల బండి వచ్చేసరికి ముసలాయన గేటు దగ్గర ఉన్నాడు. భుజాన నేను, నా నడుమ జానెడు చిల్లు. ఓదేలు ఆ చిల్లులో వేలు పెట్టి చూసి, "కాలింది" అన్నాడు. "కాలింది" అన్నాడు ఐలయ్య.

ఐలయ్య మరో తొమ్మిదేళ్ళు బతికాడు. ఆ తొమ్మిదేళ్ళలో ఇంట్లో ఎవరి కళ్ళద్దాలు పోయినా, ఎవరి తాళంచెవులు పోయినా ముందుగా ఆయననే అడిగేవారు, ఎక్కడున్నాయో చెప్పమని. ఆయన పోయాక నేను గిరిజకు వచ్చాను. ఆమె సైన్సు టీచరయింది, ఇప్పుడు కరీంనగర్ దగ్గర ఒక బడికి హెడ్మాస్టరు. నన్ను ఎవరైనా పారేయమంటే ఆమె చూసే చూపు నాకు తెలుసు, అందుకే ఆ ఇంట్లో ఎవరూ అనరు.

మొన్న డిసెంబరులో బడిలో పాత వస్తువుల ప్రదర్శన పెట్టారు. నన్ను బల్ల మీద పరిచి, పిల్లలు అట్ట ముక్క మీద చక్కటి అక్షరాలతో రాసి పెట్టారు: "గొంగడి. పూర్వకాలంలో వాడేవారు. ముట్టుకోరాదు." పూర్వకాలం! నాకంటే ముసలిదైన పెట్రోమాక్స్ దీపం పక్కన కూర్చుని నేను ఆ మాట విని నోరు మూసుకున్నాను. రోజంతా పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని నన్ను చూసి పోయారు. ఇన్నేళ్ళలో నా మీద ఒక్క చెయ్యి కూడా పడని రోజు అదే.

మర్నాడు పొద్దున్నే మంచు దట్టంగా పట్టింది. గదులు ఊడ్చే రాజవ్వ చీపురు పట్టుకుని వణుకుతూ వచ్చింది. అట్ట ముక్క చదవడం ఆమెకు రాదు. నన్ను చూసి, అటూ ఇటూ చూసి, ఎత్తి భుజాల చుట్టూ కప్పుకుంది. "అబ్బ" అని కళ్ళు మూసుకుంది. తర్వాత ఊడ్చడం మొదలుపెట్టింది. కిటికీ అవతల నుంచి గిరిజ చూసింది. లోపలికి రాలేదు. ఊడ్చడం అయ్యేదాకా బయటే నిలబడింది.