మూసలో ఎడమ చెవి

పొద్దున్నే కాఫీ కప్పు పక్కన పెట్టుకుని, నల్లటి తెర మీద ఒక చిన్న ఆదేశం టైపు చేయడం ఆమెకి అలవాటు. ఆమె ప్రోగ్రామర్. ఇంట్లో సొంత కంప్యూటర్ ఒకటి, ఆఫీసు వాళ్ళిచ్చిన లాప్‌టాప్ ఒకటి. రెండింట్లోనూ రంగులు, షార్ట్‌కట్‌లు విడివిడిగా సరిచేసుకోలేక విసిగిపోయి, సెట్టింగులన్నిటికీ కలిపి ఒక మూస రాసిపెట్టుకుంది. మూసలో ఖాళీలుంటాయి. విలువ ఒక్కచోట రాస్తే చాలు, అది అవసరమైన ప్రతిచోటా ఆ ఆదేశంతో నడిచే టూల్ తనంతట తాను నింపుకుంటూ పోతుంది. నింపే ముందు తేడాలు చూపించమంటే, మూసలో ఉన్నది పై వరుసలోనూ, నిజంగా ఉన్నది కింది వరుసలోనూ చూపిస్తుంది.

ఈ ఫ్లాట్‌లోకి మారినప్పటి నుంచీ ఆ తేడాల్లో ఇంటి సంగతులు కూడా వస్తున్నాయి.

"అమ్మాయ్, నా కళ్ళజోడు సంగతేమైనా చెబుతోందా?" అని అత్తగారు వంటింట్లోంచి అడుగుతుంది.

"ఫ్రిజ్ మీదుందంట, అత్తయ్యా."

"అక్కడెందుకు పెట్టి చచ్చానో."

మూస ప్రకారం సర్దమంటే సామాను సర్దుకునేది. మనుషుల దగ్గర మాత్రం దాని ఆటలు సాగవు. అత్తగారి మోకాలు బాగుచేయమంటే కుదరదని ఎర్రక్షరాల్లో చెప్పేసింది. సరే కదా అని మోకాలి నొప్పిని మూసలోకి ఎక్కిస్తే, ఆ సాయంత్రానికల్లా ఇంట్లో కుర్చీలన్నీ కాస్త ఎత్తు పెరిగాయి.

ఆ రోజు తేడాల్లో వచ్చింది ఒక్కటే.

ఆయన ఎడమ చెవి: వినిపిస్తుంది.
ఆయన ఎడమ చెవి: వినిపించదు.

ఆమె భర్త రేవులో క్రేన్ డ్రైవర్. అంత ఎత్తున కేబిన్‌లో కూర్చుని, ఇంటి గది అంత ఇనప పెట్టెల్ని ఓడలోంచి ఎత్తి ఒడ్డున దించుతాడు. ఆగమన్నా, దించమన్నా కింది నుంచి సిగ్నల్‌మన్ వాకీటాకీలో చెప్పాలి. ఈ మధ్య పిలిస్తే పలకడం లేదని ఆమె రెండుసార్లు అలిగింది కూడా.

ఆయన గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్నాడు. ఆమె వెళ్ళి ఎడమ పక్కన నిలబడింది.

"ఏమండీ."

లేసు ముడి వేస్తూనే ఉన్నాడు. కుడి పక్కకి వచ్చి మళ్ళీ పిలిస్తే తలెత్తాడు. ఆమె మొహం చూడగానే ఆయనకి విషయం అర్థమైపోయింది.

"చూపించేసిందా?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"వానలు మొదలైనప్పటి నుంచి. చెబితే క్రేన్ దింపేస్తారు. దిగితే నాకు ఇంకేం చేతనవును?"

"కేబిన్‌లో వాకీటాకీ స్పీకర్ ఏ పక్కనుంటుంది మీకు?"

ఆయన లేచి సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఇవాళ్టికి వెళ్ళకండి."

"ఓడ వచ్చి ఉంది. మానేస్తే కారణం అడుగుతారు." తలుపు దగ్గర ఆగాడు. "దాన్ని మూసలోకి ఎక్కించకు. ఎక్కిస్తే నిజమైపోతుంది."

మెట్ల మీద బూట్ల చప్పుడు కిందికి దిగిపోయింది.

ఆమె తెర ముందు కూర్చుంది. ఎక్కిస్తే ఆ మాట ఎక్కడెక్కడికి పాకుతుందో తెలియదు. రేవు ఆఫీసు దాకా వెళ్ళి ఆయన ఉద్యోగానికే ఎసరు పెట్టొచ్చు. ఎక్కించకపోతే, ఆ పెట్టెల కింద తిరిగే మనుషులు? లాప్‌టాప్‌లో ఆఫీసు మీటింగ్ మొదలైంది. ఎవరో తన పేరు పిలిచారు. మైకు ఆపేసింది.

అత్తగారు వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ఇద్దరి మాటలూ ఆవిడకి వినపడే ఉంటాయి.

"వాడికి కోపం వస్తుంది," అంది కోడలి భుజం మీద చెయ్యి వేసి. "రానీ. కోప్పడటానికైనా వాడు క్షేమంగా ఇంటికి రావాలి కదమ్మా."

ఆమె విలువ మార్చింది. వినిపించదు. కళ్ళు మూసుకుని ఎంటర్ నొక్కింది.

ఇంట్లో ఏవో చిన్న చప్పుళ్ళయ్యాయి. భోజనాల బల్ల దగ్గర ఆయన కుర్చీ ఎడమ చివరికి జరిగింది, అందరూ ఆయనకి కుడిపక్కన కూర్చునేలా. మంచం మీద దిండ్లు చోట్లు మార్చుకున్నాయి. తెర మీద వరుసలు మాత్రం ఆగలేదు. ఈ ఇంటివి కాని పేర్లు కూడా పరుగెడుతూ పోయాయి. ఆమెకి చదవడం అందలేదు.

రేవులో ఆ సమయానికి ఒక పెట్టె గాల్లో ఉంది. దాని కింద తాడు చిక్కుబడి, ఒక కూలీ వంగి కాలు విడిపించుకుంటున్నాడు. పైనుంచి చూస్తే పెట్టె తప్ప మనిషి కనపడడు. క్రేన్ డ్రైవర్ దించడానికి మీట తోశాడు. ఎప్పుడూ ఎడమ భుజం దగ్గరుండే స్పీకర్ కుడి చెవి పక్కన కరకరలాడింది. "ఆపు, ఆపు, మనిషున్నాడు."

పెట్టె ఆ కూలీ తలకి జానెడు ఎత్తున ఆగి, ఊగుతూ ఉండిపోయింది.

మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. ఆమె తీసింది.

"ఎక్కించావు కదూ?" అన్నాడు భర్త.

"ఎక్కించాను."

అవతల గాలి హోరు, ఓడ కూత.

"క్రేన్ దిగి వచ్చేశాను," అన్నాడు. "మేనేజరు గది బయట కూర్చున్నాను. పిలవగానే లోపలికి వెళ్ళి చెవి సంగతి నేనే చెప్పేస్తాను. అప్పటిదాకా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. వినపడుతోంది."

ఆమె మాట్లాడుతూనే ఉంది.