కల్లం మీద అరవై ఇళ్ళు

ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించుకు రావడానికి శ్రీవాణి కన్నా పనికిరాని మనిషి ఆ ఊళ్ళో లేదు. ఎవరింటి ముందు నిలబడినా ఆమెకు గొంతు పెగలదు. లోపలివాళ్ళే చూసి "ఎవలది?" అనేదాకా అట్లాగే ఉండిపోతుంది. కానీ అర్జీ రాసింది ఆమే. పదో తరగతి పిల్ల, రాత గుండ్రంగా ఉంటుంది. తాత జంగయ్య చెబుతుంటే రాసింది. "రాసినోళ్ళే తిరిగితె, ఎవలన్న అడిగినప్పుడు సదివి చెప్తరు" అని ఆయన ఆ కాగితాన్ని మనుమరాలి చేతికే ఇచ్చాడు.

మునగాల దగ్గర హైవే దిగి లోపలికి వస్తే ఉంటుంది ఆ ఊరు. ఊరి పక్కన నాలుగెకరాల నేల. పేరుకు సర్కారుది, వాడకంలో ఊరందరి కల్లం. రెండు పంటల వడ్లూ అక్కడే ఆరబోస్తారు, అక్కడే కాంటా పెడతారు. ఇప్పుడు ఆ నేలలో ఇల్లు లేనివాళ్ళకు అరవై ఇళ్ళు కడతామని పంచాయతీ ఆఫీసు గోడకు కాగితం అంటించారు. శుక్రవారం గ్రామసభ, ఆఫీసర్లు వస్తారు. కల్లం పోతే వడ్లు రోడ్డు మీద పోయాల్సిందే. కిందటేడు చోటు చాలక తారురోడ్డు మీద పోస్తే, ఆ వడ్ల మీద బండి జారి శ్రీవాణి బాబాయి సాయికుమార్ కాలు విరిగింది. ఇప్పటికీ ఆ కాలు ఈడుస్తూనే నడుస్తాడు. కల్లంలో ఇళ్ళు వద్దని జంగయ్య అర్జీ రాయించింది ఊరికే కాదు.

రెండు రోజుల్లో ఎనభై దాకా సంతకాలయ్యాయి. మిగిలింది కల్లంలో కూలి చేసేవాళ్ళు. అట్లా బుధవారం బడి విడిచాక శ్రీవాణి, హైవే పక్కన పంక్చర్ షాపు వెనకున్న రేకుల గదికి వెళ్ళింది. అందులో కిరాయికి ఉండేది బుజ్జి. తండాలో గుడిసె వానకు కూలిపోయాక ఇక్కడికి వచ్చింది. భర్త దస్రు కోతమిషన్ వెంట నెలల తరబడి ఊళ్ళు తిరుగుతాడు. కూతురు నీరజ, శ్రీవాణి ఒకే తరగతి, ఒకే బెంచీ.

బుజ్జి గోంగూర తెంపుతూ తలెత్తి చూసింది. "ఏం బిడ్డా, బయటనే నిలవడ్డవ్? నా ఇల్లు నిన్ను కరుస్తదా?"

"తాత పంపిండు అత్తా. వేలిముద్ర..."

"ఏడ ఎయ్యాలె?"

శ్రీవాణి ఇంకు ప్యాడు తెరిచింది. దేనికో చెబుదామని నోరు తెరిచేలోపే బుజ్జి చెయ్యి చీరకు తుడుచుకుని, బొటనవేలు అద్ది, చూపించిన చోట నొక్కింది.

"దేనికని అడగలే గదత్తా?"

"నువ్వు తెచ్చినంక అడుగుడేంది?" అని నవ్వి మళ్ళీ గోంగూర అందుకుంది.

శ్రీవాణి కాగితం మడిచేసరికి నీళ్ళ బిందెతో నీరజ వచ్చింది. బిందె దించకుండానే మొదలుపెట్టింది. "వాణీ, నీకో ముచ్చట! ఇండ్ల లిస్టుల మా యాడీ పేరొచ్చింది. పద్నాలుగో నంబరు!" తండా మాటలో యాడీ అంటే అమ్మ. "రెండు కిటికీలుంటయంట. ఒక కిటికీ నాదే. పుస్తకాలన్నీ దాంట్లనే పెట్టుకుంట."

శ్రీవాణి చేతిలో కాగితం ఒక్కసారిగా బరువైపోయింది. ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకుంది. మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. "పోతున్న" అని మాత్రం అంది.

ఇంటి దగ్గర జంగయ్య కళ్ళజోడు పెట్టుకుని కాగితమంతా చూశాడు. చివరి వేలిముద్ర పక్కన పేరు చదివి తొడ మీద చరుచుకున్నాడు.

"బుజ్జి సుత ఏసిందా! ఇల్లొచ్చేటామెనే ఈడ ఇండ్లొద్దు అన్నదంటె, ఇగ ఆఫీసర్లేం మాట్లాడుతరు? సభల మొట్టమొదలు ఇదే చూపెడుత."

శ్రీవాణి ఆ పూట అన్నం ముందు కూర్చుంది గానీ తినలేదు.

తెల్లారి తాత బర్రెల దగ్గర ఉండగా కాగితం తీసుకుని మళ్ళీ రేకుల గదికి వెళ్ళింది. పొయ్యి ముందున్న బుజ్జి, నీరజల ఎదుట కూర్చుని, "అత్తా, నిన్న చెప్పలే. ఇది సదువుత, విను" అంది. చదవడం మొదలుపెట్టాక ఆగకూడదని గబగబా చదివింది. 'బయటి నుంచి వచ్చిన వారికి మా కల్లంలో ఇళ్ళు ఇవ్వరాదు' అనే చోట మాత్రం గొంతు దానంతటదే తగ్గిపోయింది.

టీ పొంగి పొయ్యిలో పడింది. ఎవరూ లేవలేదు.

"నువ్వే రాసినవా?" అంది నీరజ.

"తాత చెప్తె రాసిన."

"నిన్న నేను కిటికీ అని చెప్తుంటె విని సుత ఊకున్నవ్?"

"నోరు రాలేదే."

నీరజ ముఖం తిప్పుకుంది. బుజ్జి గిన్నె దించుతూ, "దానికి నోరు రాదని మనకెరుకనే గదనే. ఇయ్యాల వచ్చింది సూడు, ఇంత దూరం నడుసుకుంట" అంది. పొయ్యిలో కట్టె ఎగదోసి శ్రీవాణి వైపు తిరిగింది. "నేను బయటిదాన్నా బిడ్డా? తొమ్మిదేండ్లాయె ఆ కల్లంల వడ్లు కాళ్ళతోని తిరగేయబట్టి, ఊడ్వబట్టి. కల్లం పోతె నాకూ పని లేదు. ఇల్లు రాకుంటె గీ రేకులే. నేనేది వద్దనాలె?"

శ్రీవాణి కాగితం మడవబోతే బుజ్జి ఆపింది.

"నీళ్ళ ట్యాంకు దిక్కు రాళ్ళ నేల సూసినవా? వడ్లల్ల రాళ్ళు కలుస్తయని ఆడ ఎన్నడన్న ఎవలన్న పోసిండ్రా? ఎకరం మీదనే ఉంటది. నా కాళ్ళకెరుక. ఇండ్లు ఆడ కట్టుమని రాయి. నా ఏలిముద్ర కొట్టెయ్యకు. రాసింది మార్చు."

ఇంటికి వచ్చి బుజ్జి అన్నదంతా చెబితే జంగయ్య గడ్డిమోపు ధన్మని కింద పడేశాడు. "ఏలిముద్ర తెమ్మని పంపితె ఇల్లే కట్టిచ్చుకొస్తివా? నిన్నెవలు సదివి చెప్పుమన్నరు?"

"అడిగితె చెప్పుమన్నది నువ్వే గద తాతా." శ్రీవాణి తాత ముందుకొచ్చి నిలబడింది. "ఆమె అడగలే. నేను తెచ్చిన్నని ఏసింది. అది పట్టుకొని నువ్వు సభకు పోతె, నీరజ పక్కన నేనెట్ల కూసోవాలె? బయటోళ్ళు అని రాసింది కొట్టేస్త. ఇంకో కాయితం రాస్త, సంతకాలకు మల్ల తిరుగుత."

మనుమరాలు ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం ఆయన ఎన్నడూ వినలేదు. తిట్టబోయి ఊరుకున్నాడు. తువ్వాల భుజాన వేసుకుని బయటికి నడిచాడు. సర్పంచు ఇంటికేమోనని శ్రీవాణి భయంభయంగా వెంట వెళ్ళింది. ఆయన నేరుగా కల్లానికి వెళ్ళి, ట్యాంకు దిక్కున చెప్పులు విడిచి అటూ ఇటూ నడిచాడు. పలుకురాళ్ళు గుచ్చుకుని ముఖం చిట్లించాడు.

"నిజమే. గీడ ఎవ్వలం పొయ్యలే" అన్నాడు, తనలో తాను అన్నట్టు. "అరవై అయితె పట్టయి. ముప్పై పట్టొచ్చు."

అక్కడి నుంచి, శ్రీవాణి వెంట రాగా, పంక్చర్ షాపు వెనక్కి నడిచాడు. తొమ్మిదేళ్ళుగా కూలికి పిలుస్తున్న మనిషి ఇంటికి ఆయన రావడం అదే మొదలు.

"బుజ్జమ్మా!"

బుజ్జి కొంగు సవరించుకుంటూ బయటికి వచ్చి, ఆయన్ని చూసి కంగారు పడింది. "పెద్దయ్యా, కబురు పెడితె నేనే వస్తుంటి గద!"

"వానకు ఆ రాళ్ళ దిక్కు నీళ్ళు నిలుస్తయా?"

"నిలువయి. వాలున్నది."

"అయితె రేపు సభల ఆ మాట నువ్వే చెప్పాలె. నేను చెప్తె, ముసలోడు వడ్ల కోసం సాకు చెప్తుండంటరు."

"అంతమందిల నాకేడ మాటలొస్తయి?"

"మా పిల్లకే వచ్చినయి పొద్దుగాల. నీకు రావా?" అన్నాడు జంగయ్య. ఆ మాటకు శ్రీవాణి తల దించుకుంది. అక్కడ ముప్పై ఇళ్ళే పడతాయని ఆయన చెబితే, మిగతా ముప్పై మంది సంగతేమిటని బుజ్జి అడిగింది. "అదీ అడుగుదాం, ఊరవతల సర్కారు భూమి ఇంకేమన్న ఉన్నదేమో" అన్నాడాయన.

నీరజ గడప మీద కూర్చుని బడికి జడలు వేసుకుంటోంది. వాళ్ళు వచ్చినప్పటి నుంచీ శ్రీవాణి వైపు చూడలేదు. ఒక జడ అయింది. రెండో జడ అల్లి, చివర పట్టుకుని, ఎర్ర రిబ్బను ఉన్న చేతిని వెనక్కి చాపింది. కట్టమని అడగలేదు. శ్రీవాణి వెళ్ళి ఆమె వెనక కూర్చుని, రిబ్బను తీసుకుని, మెల్లగా ముడి వేసింది.