క్రాసింగ్‌కు సాక్షి

దసరా సెలవుల్లో ఒక మంగళవారం ఉదయం ఆరున్నరకు, విత్తన కంపెనీకి పత్తి విత్తనాలు పండించి ఇచ్చే ఆర్గనైజర్ జితేందర్ ధరూర్ మండలంలోని ఒక కాలనీలో శైలజ ఇంటి ముందు బండి ఆపాడు. అంతకుముందు అతను ఆ కాలనీకి రాలేదు. కూలీల కోసం ఆటో పంపేవాడు.

శైలజ తల్లి పెంటమ్మ కుర్చీ వేసింది. అతను కూర్చోలేదు.

"నీ బిడ్డ నా నంబర్ అమెరికోళ్లకు ఇచ్చిందంట పెంటమ్మా. పెండ్లి సంబంధం మాట్లాడుతరా ఏంది?"

పెంటమ్మ నవ్వబోయి ఆగింది.

గద్వాలలో ఇంటర్ రెండో ఏడు చదివే శైలజ అమెరికాలోని ఒక కాలేజీకి పూర్తి స్కాలర్‌షిప్ కోసం దరఖాస్తు పెట్టింది. చదువు కాక ఇంకేం చేశావని అందులో అడిగారు. ఆటలు, సంగీతం, సేవ అంటూ ఇంగ్లిషు టీచరు మాలతి ఉదాహరణలు చెప్పింది. శైలజకు అవేవీ లేవు. పదకొండో ఏట నుంచి ఏటా విత్తన పత్తి చేలో క్రాసింగ్ చేశానని రాసింది. సంకర విత్తనం కోసం మధ్యాహ్నం మొగ్గల్లోంచి కేసరాలు గిల్లేయడం, మర్నాడు పొద్దున ఆ మొగ్గలకు మగ పూల పుప్పొడి రుద్దడం. పని చూసినవారి పేరు, నంబరు అడిగితే జితేందర్‌వి ఇచ్చింది. ఆమె చేతి వేగాన్ని అందరి ముందూ మెచ్చుకున్నది అతనే.

"పదకొండేండ్లని ఎందుకు రాసినవ్ బిడ్డా?" అన్నాడు జితేందర్.

"అప్పటి సంది చేసిన కద సార్."

"చేసినవ్. నాకు తెల్వదా? పిల్లలతోని పని చేపిచ్చిన్నని నేనే రాసియ్యాల్నా? పద్దెనిమిది నిండినంకనే వచ్చిన్నని మార్చు."

"నాకింకా పదిహేడే సార్."

జితేందర్ బండి వైపు నడిచాడు.

"అయితే అసలు రానేలేదని రాయి."

"గట్ల రాస్తే రాసెటందుకు నాకింకేం లేదు సార్."

"ఆ కాలేజోళ్లు నన్ను శుక్రవారం లోపల జవాబియ్యమన్నరు. గురువారం లోపల నువ్వు మార్చు. లేకుంటే నేను రాస్త." బండెక్కి గల్లీ పొడవునా చూశాడు. "ఈ కాలనీల నుంచి మన చేన్లకు ఎందరొస్తున్నరు పెంటమ్మా?"

"అందరం మీ దగ్గరికే సారూ."

"ఆఁ," అని బండి తిప్పుకున్నాడు.

శైలజ మాలతికి ఫోన్ చేసింది. అతను కాదంటే దరఖాస్తు కొట్టేస్తారని మాలతి చెప్పింది. "సొంత చేలో అమ్మకు సాయం చేశానని మార్చమ్మా."

"మాకు చేను లేదు మేడం."

మాలతి మళ్లీ చూద్దామని పెట్టేసింది.

పక్కింటి రాధమ్మ గడపలో నిలబడింది. "ఏమే, నీ చదువు మా బువ్వ మీదికి తెస్తున్నవా?" నవ్వుతూనే అడిగింది. జవాబు కోసం గడపలోనే ఉంది.

"మార్చాల్నా అమ్మా?" అంది శైలజ.

"నువ్వు చేసినవా, చెయ్యలేదా?" అని పెంటమ్మ కూతుర్ని అడిగింది.

"చేసిన."

"ఇగ నన్నడుగుడెందుకు."

గురువారం గడిచింది. శైలజ ఏమీ మార్చలేదు.

శుక్రవారం పొద్దున కాలనీ ఆడవాళ్లు టిఫిన్ గిన్నెలతో రోడ్డు మీద నిలబడ్డారు. ఆటో ఆగకుండా పోయింది. అందులో పక్క ఊరి ఆడవాళ్లున్నారు. రాధమ్మ పెంటమ్మతో మాట్లాడలేదు.

ఆ రాత్రి శైలజ ఫోన్‌కు కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. ఆ పేరుగల అమ్మాయి తన చేలో ఎప్పుడూ పని చేయలేదని జితేందర్ రాసిచ్చాడని, దరఖాస్తు పరిశీలన నిలిపివేశామని అందులో ఉంది.