గోడ మీది నెమలికి కన్నునైన నేను

నేను ఒక టీకప్పు అడుగుని. గుండ్రని తెల్ల పింగాణీ ముక్క, నడుమ ఒక నల్ల చుక్క. చూడ్డానికి ఇంతే. అయినా ఈ మండపేటలో చాలామంది పెద్దమనుషులకంటే నాకే బుద్ధి ఎక్కువని మొహమాటం లేకుండా చెప్పగలను. అదేమంత గొప్ప కాదులెండి.

కొలిమిలో కాలి, రంగు పూసుకుని, ఆరు కప్పుల సెట్టులో ఒకదాన్నై ధర్మారావు ఇంటికి వచ్చాను. పదకొండేళ్ళు అద్దాల బీరువాలో కూర్చోబెట్టారు. ఇంటివాళ్ళు స్టీలు గ్లాసుల్లో తాగేవారు. నాలో టీ పోసింది రెండేసార్లు, రెండుసార్లూ ఎవరో ఆఫీసరుకి. ఆ మహానుభావుడు సగం తాగి వదిలేశాడు. ధర్మారావూ అతని తమ్ముడు చిట్టిబాబూ ఆస్తి పంచుకున్ననాడు మమ్మల్ని కూడా తలా మూడు పంచుకోబోయి, ఆ లాగులాటలో నన్ను పగలగొట్టారు. పగిలింది ఎవరి వాటాలోదని మధ్యాహ్నందాకా వాదించుకుని, చివరికి పెరటి చెత్తకుప్పలో పారేశారు.

తర్వాత ఇద్దరూ పక్కపక్కనే ఇళ్ళు కట్టారు. తమ్ముడు ముందుగోడకు గ్రానైటు అంటించాడు గనక, తన గోడమీద టైలు ముక్కలతో, పింగాణీ పెంకులతో నిలువెత్తు నెమలి ఉండి తీరాలన్నాడు ధర్మారావు. లోపల పడగ్గదికి సున్నం కూడా వేయించలేదు. దారిన పోయేవాళ్ళు పడగ్గదిలోకి రారు కదా!

ఆ నెమలి పని నూకరత్నం ఒప్పుకుంది. ఆమె మొగుడు మేస్త్రీ. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. పన్నెండేళ్ళు అతని వెనక సిమెంటు కలిపిన మనిషి, మొదటిసారి తనే తాపీ పట్టింది. ఈ ఊళ్ళో ఇంటి యజమాని నలుగురి ముందూ మేస్త్రీ అని పిలిస్తేనే మరో గోడ దొరుకుతుంది. లేకపోతే ఎంత పనితనమున్నా కూలీ కిందే లెక్క. ఆ ఒక్క పిలుపు కోసం ఆమె నెలరోజులు ఎండలో నిచ్చెన దిగలేదు. ధర్మారావు మాత్రం ఆమెను కూలీమనిషి అనే పిలిచాడు.

ఆఖరున ఆమె చెత్తకుప్పలోంచి నన్ను ఏరి, అంచులు నున్నగా అరగదీసి, నెమలి మొహంలో అతికించింది. అప్పుడు గోడకు ప్రాణమొచ్చింది. సైకిళ్ళమీద పోయేవాళ్ళు ఆగి చూశారు. నూకరత్నం ఎదురు అరుగుమీద కూర్చుని చీకటి పడేదాకా నన్నే చూసింది. మనుషులమీద నాకు గౌరవం కలిగింది ఆ ఒక్క పూటే.

మర్నాడు గృహప్రవేశం. పందిట్లో చుట్టాలందరూ ఉండగా వాస్తు పంతులు గోడను పరకాయించి చూశాడు. నెమలి చూపు తమ్ముడి ఇంటిమీద ఉందనీ, ఈ ఇంటికి కలిసొచ్చేదంతా ఆ చూపు వెంట అటే పోతుందనీ తేల్చాడు. ధర్మారావుకి ముచ్చెమటలు పోశాయి. నెమలిని మొత్తం కొట్టేయమని అరిచాడు.

నూకరత్నం ముందుకొచ్చింది. పంతుల్ని అడిగింది.

"దోసం నెమలిదాండి, సూపుదాండి?"

చూపుదేనన్నాడాయన.

ఆమె ఉలి తీసుకుని నిచ్చెన ఎక్కింది. రెండు దెబ్బలకి నేను ఊడి ఆమె అరచేతిలో పడ్డాను. నేనున్న చోట సిమెంటు గుంట మిగిలింది.

"కన్ను తీసేసేనండి. ఇంకెటూ సూడదండి," అంది.

ఆ మాటకు ఒక్కడైనా సిగ్గుపడతాడేమోనని చూశాను. పంతులు తృప్తిగా తలాడించాడు. ధర్మారావు మొహం చాటంతయింది. పందిరంతా వినబడేలా, "పని తెలిసిన మనిషివి, మేస్త్రీ," అన్నాడు.

నెలరోజుల కష్టానికి రాని పిలుపు దాన్ని చెడగొట్టినందుకు వచ్చింది. వెంటనే చుట్టాల్లో ఒకాయన ముందుకొచ్చాడు.

"మా ఇంటికీ అచ్చం ఇలాంటిదే కావాలి మేస్త్రీ. దానికీ కన్ను పెట్టకు."

అలాగేనంది నూకరత్నం. పిడికిలి మాత్రం విప్పలేదు.

ఇప్పుడు నేను ఆమె పనిసంచిలో ఉంటున్నాను. ఊళ్ళో ఏడు గోడలమీద ఏడు గుడ్డి నెమళ్ళున్నాయి. ఏడూ ఆమె చేసినవే.