దేవుడికిచ్చిన సైకిలు

తన సైకిలు దేవుడికిచ్చేశారన్న సంగతి తోమాకి చర్చిలో తెలిసింది. అదీ అందరితో పాటే.

వచ్చే ఆదివారం కోతల పండుగ. ఎవరికి తోచింది వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెడతారు. కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోడిపుంజులు, చివరికి కుట్టుమిషన్లు కూడా. ఆరాధన అయ్యాక అన్నిటినీ వేలం పాడతారు. వచ్చిన డబ్బు చర్చికి. ఎవరేమిస్తున్నారో పాస్టరయ్యగారు పైకి చెబుతున్నారు. "సహోదరి యేసమ్మగారు, ఒక సైకిలు" అన్నారు. మగవాళ్ల వైపు చాప మీద గోడకానుకుని కునికిపాట్లు పడుతున్న తోమాకి నిద్ర కాస్తా ఎగిరిపోయింది. ఆడవాళ్ల వైపు చూశాడు. అతని భార్య యేసమ్మ ముసుగు సవరించుకుని, ఏమీ ఎరగనట్టు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. ఎంత భక్తో!

ఇంటికొచ్చాక అడిగాడు. "ఏమే, నా సైకిలు ఇవ్వడానికి నువ్వెవరివి?"

"కొల్లేట్లో మీరు కాసే చేపల చెరువుల గట్లు గవర్నమెంటోళ్లు కొట్టేశారు. మీ కాపలా పని పోయింది. ఇప్పుడు రైసుమిల్లుకి ఆటోలో వెళ్తున్నారు. అదేమో వసారాకి అడ్డంగా పడుంది. దేవుడికన్నా పనికొస్తుందని ఇచ్చానండీ."

"నన్నొక్క మాట అడగొద్దూ?"

"అడిగితే మీరిస్తారా?"

ఇవ్వడని తోమాకీ తెలుసు. పోనీ ఇప్పుడు ఇవ్వనని చెబుదామా అంటే, దేవుడికి మాటిచ్చి వెనక్కి తీసుకున్న మనిషి గురించి ఆ గుండుగొలను దిగువనున్న పేటలో కనీసం పదేళ్లు చెప్పుకుని నవ్వుతారు. కక్కలేడు, మింగలేడు.

తోమా చెల్లెలు దేవకుమారి మొగుడు సీమోను ఒకడు, పుండు మీద కారం చల్లడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు. సాయంత్రం రానే వచ్చాడు. వేలంపాట నడిపించేది ప్రతి ఏడూ అతనే. సైకిలు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, "బావగారూ, దేవుడికిచ్చేదానికి మచ్చ ఉండకూడదని అయ్యగారు పొద్దున్నే కదా చెప్పారు. మీ సైకిలుకి మచ్చలు తప్ప ఇంకేముందండీ?" అన్నాడు.

అబద్ధం కాదు. ముప్ఫయ్యేళ్ల ఆకుపచ్చ సైకిలు. బారు మీద రంగు పెచ్చులు లేచిపోయింది. వెనక క్యారియరు దగ్గర చేపల బుట్టలు ఒరుసుకుని ఇనుము తేలింది. అన్నిటికన్నా పెద్ద పెచ్చు హ్యాండిలు కింద ముందు గొట్టం మీద, బెత్తెడు మేర. అది మొన్న వానల్లో తగిలింది. తోమా హైవే ఎక్కుతుంటే పక్క నించి పోయిన లారీ గాలికి సైకిలూ అతనూ కలిసి కల్వర్టు దిమ్మకి కొట్టుకున్నారు. మోకాలు చీరుకుపోయి పది రోజులు మంచంలో ఉన్నాడు. లేచాక యేసమ్మ సైకిలెక్కనివ్వలేదు. ఆటో ఎక్కించింది.

సీమోను నవ్వు తోమాకి చెవిలో జోరీగలా పట్టుకుంది. సైకిలు పోతే పోయింది, పరువన్నా దక్కించుకోవాలనుకున్నాడు. మర్నాడు మిల్లు నించి వస్తూ గుండుగొలను సెంటర్లో ఆగాడు. అక్కడ నంబరు ప్లేట్లు రాసే అబ్దుల్ సలాం ఎన్నేళ్ల నించో తెలుసు.

సైకిలు పెచ్చులకి రంగు కావాలంటే సలాం కొంచెం ఆకుపచ్చ తీసి ఓ రేకుముక్క మీద రాసి చూపించాడు.

"ఇదేంటండీ, మా సైకిలు మీద రామచిలక వాలినట్టుంటుంది!" అన్నాడు తోమా.

"మీ సైకిలు ముప్ఫయ్యేళ్లు ఎండ తిందండి. ఇదేమో ఇప్పుడే డబ్బాలోంచి దిగింది. దీనికీ కాస్త ఎండ తినిపిద్దాం ఉండండి." ఓ చుక్క నలుపు, ఇంకాస్త పసుపు కలిపి, చిన్న సీసాలో పోసి, కుంచె ఒకటి చేతికిచ్చాడు. "ముందు గరుకు కాగితంతో పెచ్చు అంచులు రుద్దండి. తుప్పు ఉంచి రంగేస్తే మళ్లీ లేస్తుంది."

తోమా ఇంటికెళ్లి అన్నం కూడా తినకుండా మొదలెట్టాడు. చీకటి పడింది. వసారాలో బల్బు వేసి బారు మీద రంగు రాశాడు. కొల్లేటి దాపున దీపం పెట్టుకుని తడిరంగు వేసిన తెలివైనవాణ్ణి జిల్లా మొత్తం వెతికినా ఇంకొకణ్ణి చూపించలేం. కొల్లేట్లో పుట్టిన పురుగులన్నీ పెళ్లికొచ్చినట్టు కదిలొచ్చి ఆ బారుకి అంటుకుపోయాయి. తెల్లారి చూస్తే బారుకి గడ్డం మొలిచింది.

"దేవుడికి సైకిలిస్తున్నారా, పురుగుల పచ్చడిస్తున్నారా?" అంది యేసమ్మ పాలు పితకడానికి వెళ్తూ.

"నీకెందుకే? ఇచ్చింది నువ్వు, చాకిరీ నాకు!"

మళ్లీ కిరసనాయిలు పెట్టి తుడిచాడు. మళ్లీ రుద్దాడు. అప్పటి నించి మిల్లుకెళ్లే ముందు పొద్దుటి వెలుగులోనే వేస్తున్నాడు. కుంచె కొసతో అద్ది, ఊపిరి బిగబట్టి, అంచు కలిసేదాకా లాగడం. రెండు రోజులకి చెయ్యి కుదిరింది. కుదిరాక సరదా పుట్టింది. బారు మీద ఆ వరసన పెచ్చులు చూస్తే నవ్వొచ్చింది. కూతురు నిస్సీని బడికి దింపే రోజుల్లో అది బారు మీద కూర్చుని క్యారేజీ గిన్నెతో తాళం వేసేది. ఇప్పుడది తాడేపల్లిగూడెంలో పిల్లలకి పాఠాలు చెబుతోంది. క్యారియరు దగ్గర రంగు వేస్తుంటే పెళ్లైన కొత్తల్లో యేసమ్మని ఎక్కించుకుని ఏలూరు తీసికెళ్లడం గుర్తొచ్చింది. దారంతా తిట్టింది, దిగనంటే దిగనంది. తోమా తనకి తెలియకుండానే కూనిరాగం తీస్తున్నాడు. అతను పాడగా విని యేసమ్మకి నెలలైంది. వంటింట్లో గరిటె ఆగింది.

శుక్రవారానికి సైకిలు మెరిసిపోతోంది. తోమా దూరంగా నిలబడి చూసుకున్నాడు. దీన్నెలా వదులుకుంటాను? ఆటోలో ఏడుగురి మధ్య ఇరుక్కుని వెళ్లేవాడికీ, తన కాళ్లతో తను తొక్కుకుంటూ చెరువుగట్టు గాలి పీల్చేవాడికీ ఎంత తేడా! నాకు నా సైకిలు కావాలి. అంతే.

ఇంతలో ఇంకో సంగతి తట్టి నీరుకారిపోయాడు. నలుగురూ నవ్వకూడదని రంగేశాడు కదా, ఇప్పుడు నలుగురూ కావాలంటారు! ఎంత బాగా చేస్తే అంత పాట పెరుగుతుంది. తన గొయ్యి తనే కుంచెతో తవ్వుకున్నాడు.

తోమా బుర్ర చిన్నదేం కాదు. ముందు గొట్టం మీద ఆ బెత్తెడు పెచ్చు ఇంకా మిగిలుంది. దాన్ని అలాగే వదిలేశాడు. ఎదురుగా రాగానే కనబడేది అదే. అది చూసి ఎవరూ ముందుకు రారు, చవగ్గా కొట్టేయొచ్చు. దేవుడు చూస్తాడుగా అని ఒక్క క్షణం అనిపించింది గానీ, దేవుడు సైకిలు తొక్కడు కదా అని సర్దిచెప్పుకున్నాడు. శనివారం సలాం దగ్గరికెళ్లి బతిమాలాడు.

"మా చర్చి పాటకి ఎవరైనా రావచ్చండి. మీరు నా తరఫున పాడాలి. నేను కండువాతో మొహం తుడుచుకుంటే పెంచండి. చేతులు కట్టుకుంటే ఆపండి."

"మీరే పాడుకుంటే తప్పేంటండీ?"

"దేవుడికిచ్చి మళ్లీ లాక్కున్నాడంటారండి. మా సీమోను సంగతి మీకు తెలీదు."

ఆదివారం తెల్లారి సైకిలు తోసుకెళ్దామని వసారాలోకొచ్చిన తోమా అలాగే నిలబడిపోయాడు. ముందు గొట్టం మీద పెచ్చు లేదు! ఎవరో రంగేసేశారు. అదేం వెయ్యడమో! ఓ పక్క ముద్ద కట్టింది, ఓ పక్క కారింది, అంచు వంకరటింకరగా పాకింది. అయినా పెచ్చు మాత్రం పూర్తిగా మూసుకుపోయింది. యేసమ్మ అప్పటికే చర్చి ఊడవడానికి వెళ్లిపోయింది. ఇది కచ్చితంగా సలాం పనే అనుకున్నాడు. చర్చి దగ్గర అతన్ని పట్టుకుని నిలదీశాడు.

సలాం వంగి చూసి, "తోమా గారూ, ఇరవయ్యేళ్ల నించి రంగుల్లో ఉన్నాను. నా చెయ్యి ఇంత వంకరా?" అని నొచ్చుకున్నాడు.

ఆరాధన అయింది. చర్చి ముందు పందిట్లో వేలం మొదలైంది. మగవాళ్లొక వైపు, తెల్లచీరల్లో ఆడవాళ్లొక వైపు. గుమ్మడికాయలు పోయాయి, కోళ్లు పోయాయి. సీమోను మైకు పుచ్చుకుని సైకిలు బెల్లు కొట్టాడు. "చూడండి బాబూ! మా బావగారి చేతి రంగు! కొత్త పెళ్లికొడుకులా ఉంది! ఐదొందలు ఎవరు?"

తోమా మొహం తుడుచుకున్నాడు. సలాం చెయ్యెత్తాడు. ఇద్దరు ముగ్గురు పాడి మానుకున్నారు. హమ్మయ్య అనుకునేలోపు ఆడవాళ్ల వైపు నించి, "వెయ్యి!" అని వినబడింది.

ఎవరా అని చూస్తే సొంత చెల్లెలు. దేవకుమారి!

"ఏవేవ్, మైకు దగ్గరున్నది మీ ఆయన్నే! డబ్బు నేనే కట్టాలి!" అన్నాడు సీమోను. పందిరంతా నవ్వింది. దేవకుమారి మాత్రం నవ్వలేదు.

తోమాకి ఒళ్లు మండిపోయింది. తోడబుట్టింది ఇంత పని చేస్తుందా? మొహం తుడుచుకున్నాడు. సలాం పెంచాడు. దేవకుమారి పెంచింది. మళ్లీ తుడుచుకున్నాడు. మళ్లీ పెరిగింది. అతని జేబులో ఉన్నది ఎప్పుడో దాటిపోయింది. మిల్లులో అడ్వాన్సు అడగాల్సిందే, అడుగుతాను, అనుకున్నాడు. అటు ఆడవాళ్లలో, ఆ రంగులాయన దీన్ని కొని లాభానికి అమ్ముకుంటాడు కాబోలని గుసగుసలు మొదలయ్యాయి. పాట రెండు వేలకొచ్చింది. ఆ డబ్బుకి దీనికన్నా మంచి సైకిలొస్తుంది.

దేవకుమారి ఈసారి కాస్త తటపటాయించింది. పక్కకి చూసింది. వెనక వరసలోంచి ఓ చెయ్యి ముందుకొచ్చి ఆమె కొంగు పట్టి రెండుసార్లు లాగింది. తోమా ఆ చేతిని చూశాడు. చూపుడువేలు కొస నించి కణుపు దాకా ఆకుపచ్చ రంగు. సలాం కలిపిన, ఎండ తిన్న ఆకుపచ్చ.

చేతి వెనక యేసమ్మ. మొహమంతా చెమట. చెరువులో వల లాగుతున్న మనిషిలా పళ్లు బిగబట్టి కూర్చుంది.

తోమాకి ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. గుండె నిండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏ మగాడైనా ఏం చేస్తాడు? కండువాతో తుడుచుకున్నాడు.

"రెండు వేల రెండొందలు!" అన్నాడు సలాం నమ్మకంగా.

"రెండు వేల మూడొందలు!" అంది దేవకుమారి.

"అయ్యో, కాదు, కాదు" అని గొణుక్కుంటూ తోమా కంగారులో మళ్లీ మొహం తుడిచాడు.

"రెండున్నర!" అన్నాడు సలాం.

ఇక లాభం లేదని తోమా లేచి నిలబడి గట్టిగా అరిచాడు. "సలాం గారూ, ఆపండి బాబూ! అది మా ఇంటావిడ పాట!"

పందిరంతా తోమా వైపు తిరిగింది. అయ్యగారు కళ్లజోడు సర్దుకుని, "మరి సలాం గారిది ఎవరి పాటండీ?" అన్నారు.

తోమా తల గోక్కున్నాడు. "నాదేనండి."

ఇంక నవ్వులు చూడాలి! చంటిపిల్లలు బెదిరి ఏడుపందుకున్నారు. సీమోను మైకులోనే పడీ పడీ నవ్వాడు. "ఒకే ఇంట్లో రెండు పాటలు! దేవుడికి ఇలాంటి ఇళ్లు నాలుగుంటే చర్చికి శ్లాబు వేసేయొచ్చండీ!" అన్నాడు. అయ్యగారు కూడా ఆపుకోలేక, యేసమ్మ చివరి పాటకే ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని తనే కొట్టేశారు. తన పాల డబ్బులోంచి కడతానని యేసమ్మ ముసుగులోంచే చెప్పింది.

ఇంటికి నడుస్తున్నారు. తోమా సైకిలు తోస్తున్నాడు.

"అడ్డమన్నావు కదే. మళ్లీ ఎందుకు కొన్నావు?"

యేసమ్మ వేలికి ఎండిన రంగుని గోటితో గీరుకుంటూ నడిచింది. "నాకు అడ్డమొచ్చింది సైకిలు కాదండీ. ఆ ముందు పెచ్చు. మిమ్మల్ని రక్తంతో తీసుకొచ్చిన రోజు సైకిలు కూడా తెచ్చి అక్కడే పెట్టారు. పొద్దున్న లేస్తే అదే కనబడేది. చూసినప్పుడల్లా గుండె ఝల్లుమనేది. అందుకే వదిలించేశాను."

"మరి?"

"నిన్న సాయంత్రం మీరు సలాం గారి దగ్గరికెళ్లినప్పుడు చూస్తే అదొక్కటీ మిగిలిపోయింది. మీ చూపుకి ఆనలేదేమో అనుకున్నా. నలుగురిలో మిమ్మల్ని చూసి నవ్వుతారని కూర్చుని వేశాను. మూసుకుపోయాక చూస్తే అది మన పాత సైకిలేనండీ. దాని మీద నాకెందుకు కోపం? మీరేమో వారం నించి పాడుతున్నారు."

చూపు ఆనక కాదు, దొంగబుద్ధితో వదిలేశానని చెబుదామనుకున్నాడు తోమా. నోటిదాకా వచ్చింది. చెప్పేశాడు కూడా. యేసమ్మ నడిరోడ్డు మీద ఆగి, వీపు మీద ఒక్కటిచ్చింది.

"హైవే ఎక్కనని ఒట్టెయ్యండి. చెరువుగట్ల మీదే తిరగాలి."

"ఒట్టు. ఎక్కు."

"ఈ వయసులోనా? సిగ్గు లేదూ!" అంటూనే క్యారియరెక్కి కూర్చుంది. తోమా బెల్లు కొట్టుకుంటూ తొక్కాడు.

వెనక నించి సలాం కేకేశాడు. "తోమా గారూ! రేపు సెంటర్‌కి తీసుకురండి! ఆ ముందు గొట్టం మీద ముద్ద గోకేసి సాఫుగా వేసిస్తాను, డబ్బులొద్దు!"

తోమా తొక్కడం ఆపలేదు. "దాని జోలికి రాకండి సలాం గారూ! సైకిలు మొత్తం మీద సరిగ్గా వేసింది అదొక్కటేనండీ!" అన్నాడు.