రెయిలింగ్ పెట్టిందెవరు?

ముప్పై ఏళ్లపాటు కొట్టు కొట్టుకూ తిరిగి తక్కెళ్లు పరీక్షించిన మనిషికి ఏ పళ్లెం కనబడినా కింద చెయ్యి పెట్టి తడమాలనిపిస్తుంది. అక్కడ మైనం అంటించి ఉంటుంది, లేదా అయస్కాంతం. చర్చి సంఘంలో అందరూ తనిఖీగారని పిలిచే ఆయన రిటైరై నాలుగేళ్లయినా ఆ చెయ్యి మాత్రం ఊరుకోలేదు. కూరగాయలమ్మే ఆమె నవ్వితే తూకంలో ఎంత నొక్కేసిందో అనుకునేవాడు. "నేను ఊరికే పాట పాడుకున్నా ఎందుకు పాడుతున్నావని ఆరా తీస్తారండీ ఈయన" అని భార్య ఇంటికొచ్చినవాళ్లతో చెప్పి నవ్వేది. ఆ నవ్వు మీద కూడా ఆయనకు అనుమానమే.

ప్రార్థన మందిరంలో ఆయన చోటు ఎడమ వైపు మూడో బెంచీ చివర. ఆదివారం సాక్ష్యాలు చెప్పేవాళ్ల మొహాలు అక్కణ్ణుంచి బాగా కనబడతాయి. ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెబుతుంటే తనిఖీగారు చెవులు రిక్కించి, అందులో దేవుడి పాలు ఎంత, చెప్పేవాడి పాలు ఎంత అని తూచేవాడు. ఎక్కువమంది తూకంలో తేలిపోయేవాళ్లు. తాను ఎన్నడూ లేచి సాక్ష్యం చెప్పలేదు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆయనకు హాయిగా ఉండేది.

ఆ సంఘంలో పాతకాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. ఎవరైనా నిన్ను మెచ్చుకుంటే అవునని అనకూడదు, అది గర్వం. కాదు కాదు అని చేతులు ఊపకూడదు, అది ఇంకో నాలుగు మెప్పుల కోసం వేసే ఎత్తు. లేచి నిలబడి "మహిమ దేవునికే" అని కూర్చోవాలి. చేసినవాడైనా అదే మాట, చెయ్యనివాడైనా అదే మాట. ఈ పద్ధతిలో ఎంత పెద్ద కన్నం ఉందో తనిఖీగారికి అరవై రెండో ఏట గానీ తెలిసిరాలేదు.

సంగతేమిటంటే, ఆయన అక్కకు మోకాళ్ల నొప్పులు. అక్క ఇల్లు మేడ మీద. గోడను ఆనుకుని బయటి నుంచి పదహారు మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. అమ్మ పోయాక తనను పెంచింది ఈ అక్కే. చిన్నప్పుడు పరుగుపందెంలో మొదటి బహుమతి గెలిచి వీధంతా అరుచుకుంటూ ఇంటికొస్తే "చాటింపు చాల్లేరా, కాళ్లు కడుక్కో" అంది. ఉద్యోగం వచ్చినప్పుడూ దాదాపు అదే మాట. ఇన్నేళ్లలో అక్క నోట "బాగా చేశావురా" అన్న మాట ఆయన వినలేదు. ఆ మాట కోసం ప్రాణం పెట్టేవాడని ఎవరికీ తెలియదు.

అక్క కంటి ఆపరేషన్ చేయించుకుని కూతురింట్లో పన్నెండు రోజులు ఉండిపోయింది. ఆ పన్నెండు రోజుల్లో మూడు మధ్యాహ్నాలు, వీధి నిద్రపోయే వేళ, కింది దర్జీ కొట్టు మూసి ఉండే సమయం చూసి, తనిఖీగారు ఒక డ్రిల్లు తెచ్చి ఆ గోడకు ఇనుప గొట్టంతో రెయిలింగ్ బిగించాడు. ఆకుపచ్చ పెయింటు రెండు కోట్లు వేశాడు. చాటింపు లేదు, పేరు లేదు. ఈసారి అక్క ఏమంటుందో చూద్దామనుకున్నాడు. కింది ప్లేటు బిగించేముందు మాత్రం దాని వెనక మేకుతో తన పేరు మొదటి అక్షరాలు రెండు, కింద తారీఖు గీశాడు. దేవుడికి కనబడితే చాలని తనకు తాను చెప్పుకున్నాడు. తర్వాత ఎవరికీ అనుమానం రాకూడదని అక్క తిరిగొచ్చాక కూడా ఆ వీధి వైపే పోలేదు.

ఆ తర్వాతి ఆదివారం అక్క మందిరానికి వచ్చింది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. సాక్ష్యాల వేళ లేచి నిలబడింది. తనిఖీగారు బెంచీలో ముందుకు వంగాడు.

"నా మెట్లకి రెయిలింగ్ పెట్టారు. ఆ పెట్టినాయన పుణ్యమా అని ఇవాళ ఇలా రాగలిగాను. ఆయన చేతులు చల్లగా ఉండాలి" అని అక్క మెల్లగా కుడి వైపుకు తిరిగింది.

కుడి వైపు, గోడ పక్కన కూర్చున్నది తాళాలాయన. బజారు మలుపులో చిన్న గూడు లాంటి కొట్లో మారు తాళాలు చేస్తాడు, ఇరుక్కుపోయిన తలుపులు తీస్తాడు. మందిరమంతా అతని వైపు తిరిగింది. అతను లేచాడు. తల దించుకుని "మహిమ దేవునికే" అన్నాడు. కూర్చున్నాడు.

తనిఖీగారి ఒళ్లు మండిపోయింది. పట్టపగలు, దేవుడి మందిరంలో, మూడు మధ్యాహ్నాల చెమట అతని ఖాతాలో పడిపోయింది! పైగా ఆ తల దించుకోవడం చూశారా? ఎంత వినయం! కల్తీ తక్కెళ్ల కొట్లవాళ్లు కూడా సరిగ్గా ఇలాగే చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు.

సోమవారం ఉదయమే మారు తాళం చేయించే నెపంతో ఆ కొట్టుకు వెళ్లాడు. తాళాలాయన ఆయన్ను చూడగానే బల్ల మీదున్న దేన్నో గుడ్డలో చుట్టి సొరుగులోకి నెట్టేశాడు. తనిఖీగారి కన్ను దాన్ని పట్టుకుంది.

"అక్క మెట్ల దగ్గర పని బ్రహ్మాండంగా చేశావటగా" అన్నాడు నవ్వుతూ.

"దేవుని దయండి."

"మరి ఎన్ని స్క్రూలు పట్టాయేంటి?"

తాళాలాయన ఆకురాయి ఆపాడు. తేలు కుట్టిన దొంగలా దిక్కులు చూశాడు. "ఇప్పుడవన్నీ ఎందుకులెండి తనిఖీగారూ. అమ్మగారు క్షేమంగా దిగుతున్నారు, అదే చాలు."

చేసినవాడైతే లెక్క చెప్పడా? తనిఖీగారికి ఇక సందేహం లేదు. అక్క ఇంటి కింద కుట్టుమిషను పెట్టుకున్న దర్జీని బజార్లో పట్టుకుని కదిపితే ఇంకో ముక్క దొరికింది. మొన్న గురువారం మధ్యాహ్నం తాళాలాయన ఆ మెట్ల దగ్గర డ్రిల్లుతో కూర్చోవడం దర్జీ కళ్లారా చూశాడట. ఓహో, అదీ నాటకం! తయారైన రెయిలింగ్ దగ్గర డ్రిల్లు పట్టుకుని కూర్చుంటే చాలు, చూసినవాళ్లు మిగతాది వాళ్లే అల్లుకుంటారు. ఎందుకింత తెగించాడా అని ఆలోచిస్తే అది కూడా తట్టింది. రాబోయే ఆదివారం తాళాలాయన్ను సంఘానికి పెద్దగా నిలబెట్టబోతున్నారు.

ఆ సాయంత్రమే తనిఖీగారు పాస్టరుగారి ముందు కూర్చున్నాడు.

"చెయ్యని పనికి మెప్పు తీసుకునే మనిషిని పెద్దగా నిలబెడతారా అయ్యగారూ?"

"ఆ పని చేసింది ఎవరో మీకు తెలుసా?"

"తెలుసండి. కానీ పేరు చెప్పను. బయటపడడం ఆయనకు ఇష్టం ఉండదు. చాలా తగ్గింపు గల మనిషి."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు నిజంగానే గద్గదమైంది. పాస్టరుగారు ఆయన మొహంలోకి చూశారు. "పెద్దరికం చిన్న విషయం కాదు. ఆదివారం సంఘం ముందే అతన్ని అడుగుతాను. సూటిగా జవాబు చెప్పకపోతే నిలబెట్టను" అన్నారు.

తనిఖీగారు గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు. అయినా పాత అలవాటు, సాక్ష్యం చేతిలో లేనిదే కేసు నిలవదు. శనివారం స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని అక్క ఇంటికి బయలుదేరాడు. ఆ ప్లేటు విప్పి, అక్షరాలు అక్కకు చూపించి, ఆ పైన మాట్లాడదామనుకున్నాడు.

అక్క పై మెట్టు మీద కూర్చుని దిండు గలీబుకు అంచు కుడుతోంది.

"ఏరా, ఇన్నాళ్లకు గుర్తొచ్చానా?"

"స్క్రూలు వదులయ్యాయేమో చూద్దామని వచ్చానక్కా" అంటూ కింది ప్లేటు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. స్క్రూడ్రైవరు పెట్టడానికి చూస్తే గాడి లేదు. అవి స్క్రూలు కావు. బొటనవేలంత లావు బోల్టులు, పానాతో తప్ప కదలనివి. ప్లేటు కూడా తనది కాదు, దానికి రెట్టింపు మందం. గొట్టం తనదే, పెయింటు తనదే. మొత్తం బలం పెట్టి ఊపాడు. వెంట్రుకంత కదల్లేదు.

"ఊపకురా, అది పోయేది కాదు" అంది అక్క. "ముందున్నదైతే పోయేది."

"ముందున్నదా?"

"ఎవడో మహానుభావుడు నేను ఊళ్లో లేనప్పుడు పెట్టిపోయాడు. పెయింటు చూస్తే ధగధగలాడిపోతోంది. గోడలోకి మాత్రం అంగుళం దిగలేదు. పైన సిమెంటు పూత, లోపల బోలు ఇటుక, చూసుకోవద్దూ? వచ్చిన మూడో రోజు పట్టుకుని దిగుతుంటే పై భాగం ఊడి చేతికొచ్చింది. ఐదో మెట్టు మీద చతికిలబడ్డాను. ఎదురింటి తాళం తీయడానికొచ్చిన ఆ తాళాలాయన పరిగెత్తుకొచ్చి పట్టుకోబట్టి సరిపోయింది. లేకపోతే ఈ పాటికి నన్ను పాతిపెట్టి ఉండేవాళ్లు."

తనిఖీగారు పట్టుకున్న గొట్టం వదిలేశాడు.

"మర్నాడు వచ్చి అంతా విప్పి మళ్లీ బిగించాడు. ఆ దిక్కుమాలిన పని చేసిందెవరయ్యా అంటే, 'ఎవరైనా ప్రేమతోనే చేశారమ్మా, ఆరా తియ్యకండి, ఎవరితో అనకండి' అన్నాడు. పాత ప్లేట్లు కూడా తనే పట్టుకుపోయాడు." అక్క దారం పళ్లతో కొరికి ఆయన వైపు చూసింది. "నీ మొహమేంట్రా అలా పాలిపోయింది?"

"ఎండ."

ఎండే లేదు. సొరుగులోకి నెట్టేసిన గుడ్డ చుట్టలో ఏముందో ఆయనకు అప్పుడు అర్థమైంది. అతను ఆ రెండు అక్షరాలూ చదివాడు. చదివి, అవి ఎవరి కంటా పడకుండా దాచాడు. ఆ మనిషి మీదనే తాను పాస్టరుగారి దగ్గర విషం కక్కాడు.

ఇంటికి వెళ్తూ దారి పొడవునా లెక్కలు వేసుకున్నాడు. ఆదివారం పాస్టరుగారు అడుగుతారు. తాళాలాయన మెచ్చుకోలుకు చెప్పే మాటే చెబుతాడు, తనిఖీగారి పేరు బయటికి రానివ్వడు. పెద్దరికం పోతుంది, దొంగ మెప్పు తీసుకున్నాడన్న మచ్చ మిగులుతుంది. తాను నోరు మూసుకుంటే చాలు, ఏ పిట్టకూ తెలియదు. నోరు తెరిస్తే అక్క వింటుంది. అరవై రెండేళ్లు ఒక్క మంచి మాట కోసం కాచుకుని, చివరికి ఆమెను చంపబోయినవాడిగా ఆమె ముందు నిలబడాలి. పాస్టరుగారికి ఒక్కరికే చెప్పి రావచ్చు కదా అని ఆ గుమ్మం దాకా వెళ్లి, తలుపు తట్టకుండానే వెనక్కి వచ్చేశాడు. ఆ వెనక్కి రావడం చూసి ఆయనకే అసహ్యం వేసింది.

ఆదివారం పాట అయిపోయింది. పాస్టరుగారు తాళాలాయన్ను ముందుకు పిలిచారు.

"ఒక్క ప్రశ్న అడగాలి. మన పద్ధతి ఇవాళ్టికి పక్కన పెట్టు. అక్కగారి మెట్లకు రెయిలింగ్ పెట్టింది నువ్వేనా? అవునో కాదో చెప్పు."

తాళాలాయన అక్క వైపు చూశాడు, తర్వాత మూడో బెంచీ వైపు. వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. "మహిమ దేవునికేనండి" అన్నాడు.

బెంచీల మధ్య గుసగుసలు లేచాయి. పాస్టరుగారు చేతిలోని నియామక కాగితం మడిచారు. అక్క ఏదో అనబోయి లేవడానికి కర్ర వెతుక్కుంటోంది. ఆమె లేస్తే తాళాలాయన మచ్చ తుడిచిపెట్టుకుపోతుంది, తన పేరు మాత్రం బయటికి రాదు. ఆమె లేచేదాకా ఆగమని తనిఖీగారికి లోపలినుంచి ఎవరో చెబుతున్నట్టే ఉంది. ఆ గొంతు ఆయన బాగా ఎరిగినదే.

లేచి నిలబడ్డాడు.

"ఆ రెయిలింగ్ నేను పెట్టాను" అన్నాడు. "మా అక్క మీద ప్రేమతో, ఎవరికీ చెప్పకుండా, మూడు మధ్యాహ్నాలు ఎండలో..." అక్కడ ఆగిపోయాడు. ఇంత జరిగాక కూడా సరుకు అమ్ముకుంటున్నాడు! పళ్లెం కింద మైనం తన చేతికే తగిలింది.

"కాదు" అన్నాడు మళ్లీ. "గోడ ఎలాంటిదో చూసుకోలేదు. పొట్టి స్క్రూలు పెట్టి, పైన పెయింటు కొట్టాను. అది ఊడిపోయింది. మా అక్క పడబోతే ఈయన పట్టుకున్నాడు, మళ్లీ గట్టిగా బిగించాడు. నేను ప్లేటు వెనక నా అక్షరాలు గీశాను. దేవుడికోసం కాదు, ఎప్పటికైనా మీకు కనబడాలని. ఈయన అవి చూసి దాచాడు. నేనేమో ఈయన దొంగని అయ్యగారి దగ్గర చాడీ చెప్పాను. నిన్ననే నిజం తెలిసింది, అయినా ఈ నిమిషం దాకా నోరు మెదపలేదు. మా అక్క ఇవాళ బతికి ఉందంటే దేవుడు బతికించాడు. నేను చెప్పుకోవడానికి ఇందులో ఏమీ లేదు."

కూర్చున్నాడు. పాస్టరుగారు మడిచిన కాగితం విప్పి, తాళాలాయన తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. కర్ర చప్పుడు దగ్గరికొచ్చింది. అక్క వచ్చి ఆయన పక్కన కూర్చుంది. వంగి చెవిలో అంది.

"బాగా చెప్పావురా."

అరవై రెండేళ్లు ఎదురుచూసిన మాట అది. ఆయన కళ్ల వెంట నీళ్లు జలజలా కారాయి. ఆ కన్నీళ్ల మధ్యనే, ఎంత వద్దనుకున్నా, ఛాతీ కొంచెం పొంగింది. ముందు బెంచీవాళ్లు అక్క మాట విన్నారో లేదోనని కన్ను దానంతటదే తెరుచుకుని వాళ్ల వైపు వెళ్లింది.

తనిఖీగారికి తనను చూసి తనకే భయం వేసింది. ఎవరిని చూసినా ఇంత భయం వెయ్యలేదు. అక్క చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్లు మళ్లీ బిగించి మూసుకుని, "ప్రభువా, ఈ మెప్పు కూడా నా దగ్గర ఉంచకు" అన్నాడు.